ప్లేటింగ్ షెడ్డు ఉన్న స్థలంలో ఫ్లాట్లు కట్టే ముందు

ప్రశ్న: మాది నెల్లూరు జిల్లా అయినా చాలా ఏళ్ళుగా చెన్నైలోనే స్థిరపడ్డాం. మా నాన్నగారు 1982లో అంబత్తూరు దగ్గర ఆరు గ్రౌండ్ల పట్టా స్థలం కొని లేతు షాపు నడిపారు. 2003లో ఆ షెడ్డును నికెల్, క్రోమ్ ప్లేటింగ్ (లోహపు వస్తువులకు పూత వేసే పని) చేసే ఒకాయనకు అద్దెకిచ్చారు. ఆయన 2016లో ఖాళీ చేసి వెళ్ళిపోయారు. నాన్నగారు పోయాక స్థలం నాకూ, హైదరాబాదులో ఉంటున్న మా తమ్ముడికీ వచ్చింది. ఇప్పుడొక బిల్డరు సగం సగం వాటాకు స్టిల్ట్ మీద ఐదంతస్తులు కడతాననీ, జోన్ మార్పిడి కూడా తానే చూసుకుంటాననీ ముందుకొచ్చారు. మట్టిలో రసాయనాలు ఉంటాయేమోనని అడిగితే సాయిల్ టెస్టు అయిపోయిందనీ, కాలుష్య నియంత్రణ మండలి జాబితాలో మన స్థలం లేదు కాబట్టి వేరే అనుమతులు అక్కర్లేదనీ అంటున్నారు. కందిరీగల తుట్టెను కదపవద్దని మా తమ్ముడి మాట. షెడ్డులో కాపలా ఉంటున్న కుటుంబం అక్కడి బోరు నీళ్ళే వాడుకుంటోంది. సంక్రాంతిలోపు సంతకాలు కావాలట. ఏం చేయమంటారు?

— ఒక పాఠకురాలు, అన్నానగర్, చెన్నై

సమాధానం: మీ బిల్డరు చట్టం గురించి చెప్పినది చాలావరకు నిజమేనమ్మా. కాని దాన్నిబట్టి ఆయన తేల్చిన సంగతి మాత్రం సరికాదు. జాబితాలో పేరు లేకపోవడమంటే ఆ స్థలాన్ని ఇంతవరకు ఎవరూ పరీక్షించలేదని మాత్రమే అర్థం.

ఆ జాబితా ఎలా తయారవుతుందో తెలిస్తే ఈ తేడా మీకు స్పష్టమవుతుంది. కలుషిత స్థలాల నిర్వహణకు మన దేశంలో విడిగా నియమాలు వచ్చింది 2025 జూలైలోనే. 1986 నాటి పర్యావరణ పరిరక్షణ చట్టం కింద కేంద్రం వాటిని ప్రకటించింది. వాటి ప్రకారం స్థానిక సంస్థ గాని జిల్లా యంత్రాంగం గాని, తమంతట తాముగానో ఎవరైనా ఫిర్యాదు చేసినప్పుడో, అనుమానం ఉన్న స్థలాలను గుర్తించి ఆరు నెలలకొకసారి రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలికి తెలియజేయాలి. మండలి 90 రోజుల్లో ప్రాథమిక పరిశీలన జరిపి, అవసరమనిపిస్తే మరో మూడు నెలల్లో వివరమైన సర్వే చేసి, స్థలం నిజంగా కలుషితమైందో లేదో తేల్చాలి. తేలితే ఆ స్థలం వివరాలను బహిరంగంగా ప్రకటిస్తారు, రాకపోకలను నియంత్రిస్తారు, బాధ్యులెవరో గుర్తించి శుద్ధి ఖర్చు వారిపై వేస్తారు. ఈ నియమాలు వచ్చేనాటికి దేశం మొత్తం మీద కేంద్ర మండలి గుర్తించిన కలుషిత స్థలాలు 103, వాటిలో శుద్ధి పని మొదలైనవి 7. మూతపడిన చిన్న ప్లేటింగ్ షెడ్డు ఒక్కటీ లేని పారిశ్రామికవాడ దేశంలో అరుదనుకుంటాను కనుక, 103 అన్న అంకె కలుషిత స్థలాల సంఖ్యను కాక వాటిలో మనం చూసినవెన్నో చెబుతున్నదని నా అభిప్రాయం.

ఫిర్యాదు లేకుండానే, కట్టడానికి ముందే, పర్యావరణ కోణంలో పరిశీలన జరిగే దారి ఇంకొకటి ఉంది గాని అది పెద్ద ప్రాజెక్టులకు. 2006 నాటి పర్యావరణ ప్రభావ అంచనా ప్రకటన ప్రకారం నిర్మాణ విస్తీర్ణం 20,000 చదరపు మీటర్లు, ఆపైన ఉంటేనే ముందస్తు పర్యావరణ అనుమతి కావాలి. మీ ఆరు గ్రౌండ్లంటే 14,400 చదరపు అడుగులు, దానికి రెండింతల నిర్మాణం వేసుకున్నా 2,700 చదరపు మీటర్లు దాటదు. ఇక సీఎండీఏ (చెన్నై మహానగరాభివృద్ధి సంస్థ) చేసే జోన్ మార్పిడి ఆ స్థలాన్ని దేనికి వాడవచ్చో మాస్టర్ ప్లానులో మార్చే చర్య, నేలలో ఏముందో హామీ ఇచ్చే పత్రం కాదు. ఈ లెక్కన మీ స్థలం ఏ వలలోనూ పడదు, ఎవరూ మిమ్మల్ని ఏమీ అడగకుండానే ఐదంతస్తులు లేచిపోవచ్చు. అందుకే ఈ పరిశీలనను మీ అంతట మీరే, ఒప్పందం మీద సంతకం పెట్టకముందే చేయించుకోవాలని నా సలహా.

సాయిల్ టెస్టు అయిపోయిందన్న మాటను కూడా ఇక్కడే తేల్చుకుందాం. ఆ నివేదిక ఒక్కసారి తెప్పించుకుని చూడండి. అందులో భూమి ఎంత బరువు మోస్తుంది, ఎన్ని అడుగుల లోతున గట్టి పొర తగులుతుంది, పునాది ఏ రకంగా వేయాలి అన్న వివరాలు ఉంటాయి. రసాయనాల ఊసు ఒకవేళ ఉన్నా, అది కాంక్రీటును తినేసే సల్ఫేటు, క్లోరైడుల వరకే ఉంటుంది. క్రోమియం, నికెల్, సైనైడ్ అన్న పేర్లు దానిలో కనిపించవు. బిల్డరు అబద్ధమాడారని నేను అనడం లేదు. ఆయన దృష్టిలో సాయిల్ టెస్టు అంటే అదే.

మీ స్థలంలో అనుమానించవలసినవి ఏమిటో స్థలం చరిత్రే చెబుతోంది. లేతు షాపు కాలం నాటి కటింగ్ ఆయిలు, కిరోసిను, జనరేటరుకు వాడిన డీజిలు నేల పైపొరల్లో మరకలుగా మిగిలి ఉండవచ్చు గాని, నన్ను ఎక్కువగా కలవరపెట్టేది ఆ తరువాతి 13 ఏళ్ళు. క్రోమ్ తొట్టిలో వాడేది క్రోమిక్ ఆమ్లం, అందులోని క్రోమియం ఆరో వేలెన్సీ రూపంలో, అంటే క్రోమియం-6గా ఉంటుంది. అది క్యాన్సర్ కారకం, పైగా నీటిలో సులభంగా కరిగి నీటితోపాటు కదిలిపోతుంది. అదే క్రోమియం-3గా మారితే చాలావరకు మట్టిని అంటిపెట్టుకుని ఉండిపోతుంది. కొన్ని చోట్ల రాగి, జింకు పూతలకు సైనైడ్ లవణాలు వాడేవారు. పూత వేయకముందు వస్తువు మీది జిడ్డు వదిలించడానికి ట్రైక్లోరోఇథిలీన్ వాడిన షెడ్లూ ఉన్నాయి. అది నీటికంటే బరువైనది కాబట్టి నేలలో కిందికి దిగిపోతుంది, ఆవిరి రూపంలో తిరిగి పైకి వచ్చి ఇళ్ళ కింది గదుల్లో చేరుతుంది.

ఏళ్ళు గడిచాయి కదా, వానలకు అన్నీ కొట్టుకుపోయి ఉంటాయని మీకు ఎవరైనా చెబితే రాణిపేటను గుర్తు చేయండి. అక్కడ తమిళనాడు క్రోమేట్స్ అండ్ కెమికల్స్ కర్మాగారం 1995లో మూతపడింది. దాని ఆవరణలో మిగిలిన క్రోమియం వ్యర్థం రెండు లక్షల టన్నులకు పైమాటే, అది అక్కడి భూగర్భజలాన్ని పాడుచేస్తున్న సంగతి దశాబ్దాలుగా వింటూనే ఉన్నాం. మీ షెడ్డును దానితో పోల్చడం పరిమాణంలో న్యాయం కాదు గాని, క్రోమియం తనంతట తాను మాయం కాదన్న విషయంలో రెండింటికీ తేడా లేదు.

పరిశీలన ఎప్పుడైనా కాగితాలతో మొదలుకావాలి. డ్రిల్లింగ్ ఆ తరువాతి మాట. మీ నాన్నగారి పెట్టెలో అద్దె ఒప్పందం, అద్దె రసీదులు, కరెంటు బిల్లులు ఉంటే భద్రపరచండి. ఏ ఏడు నుంచి ఏ ఏడు వరకు ఏ పని జరిగిందో, ఎవరు చేశారో రేపు చూపించవలసి వస్తే మీకు దిక్కు అవే. అద్దెకున్నాయన కాలుష్య నియంత్రణ మండలి నుంచి అనుమతి తీసుకున్నారా, ప్రమాదకర వ్యర్థాలకు అధికారపత్రం ఉందా, ప్లేటింగ్ వల్ల మిగిలే మడ్డిని ఏటా ఎంత, ఎక్కడికి పంపినట్టు లెక్క చూపారు, తనిఖీ నివేదికల్లో ఏముంది అన్న విషయాలకు సమాచార హక్కు చట్టం కింద మీ ప్రాంతపు జిల్లా పర్యావరణ ఇంజనీరు కార్యాలయానికి దరఖాస్తు పెట్టండి. రుసుము 10 రూపాయలు, జవాబుకు గడువు 30 రోజులు. పదమూడేళ్ళు ప్లేటింగ్ జరిగిన చోట మడ్డి పంపినట్టు ఒక్క కాగితమూ లేదంటే అది ఎక్కడికి పోయిందన్న ప్రశ్న సహజంగానే వస్తుంది, దానికి జవాబు చాలాసార్లు ఆ పెరట్లోనే దొరుకుతుంది. గూగుల్ ఎర్త్‌లో పాత సంవత్సరాల ఉపగ్రహ చిత్రాలు వెనక్కి తిప్పి చూస్తే పెరట్లో డ్రమ్ములు పేర్చిన మూల, తరువాత మట్టి కప్పేసిన గుంట కనిపించే అవకాశం ఉంది.

ఆ తరువాత షెడ్డులోకి వెళ్ళి నేలను చూడాలి. వీలైతే అక్కడ పనిచేసిన పాత మనిషిని ఒకరిని వెంటబెట్టుకుని వెళ్ళండి. క్రోమ్ తొట్టి ఎక్కడ ఉండేది, కడిగిన నీళ్ళు ఏ కాలువలో పారేవి, ఆ కాలువ వాలు ఎటు, చివర ఉన్నది సిమెంటు సంపా లేక అడుగులేని గుంటా, యాసిడ్ డబ్బాలు ఏ గోడ పక్కన దింపేవారు అన్న ప్రశ్నలకు ఆయన చేతితో చూపించే జవాబు ఏ నివేదికకూ తీసిపోదు. తొట్లు ఉన్న చోట గచ్చు గరుకుగా కరిగిపోయి కంకర బయటపడి ఉంటుంది. గోడ అడుగున ఇటుకల మీద పసుపుపచ్చ లేక ఆకుపచ్చ పొర ఉప్పులా పేరుకుని కనిపించవచ్చు. గచ్చులోని పగుళ్ళు, కాలువ అతుకులు, మరుగుదొడ్డి సెప్టిక్ ట్యాంకు, వీటన్నిటినీ ఒక చిత్తు పటం మీద గుర్తించి ఫొటోలు తీయించండి. నమూనాలు ఎక్కడ తీయాలో నిర్ణయించేది ఆ పటమే.

ఇక నమూనాల సంగతి. కాలుష్య పరిశోధనలో అనుభవం ఉన్న సలహాదారును, ఎన్ఏబీఎల్ (ప్రయోగశాలలకు గుర్తింపునిచ్చే జాతీయ సంస్థ) గుర్తింపు ఉన్న ప్రయోగశాలను ఎంచుకోండి. ఆ గుర్తింపు ప్రయోగశాలకు మొత్తంగా ఉండడమే కాదు, మనకు కావలసిన ఒక్కొక్క పరీక్షకూ ఉండాలి. తొట్ల కింద, కాలువ వెంట, సంపు చుట్టూ, డ్రమ్ములు పేర్చిన మూలన గచ్చు తొలిచి, గచ్చు కిందనే ఒక నమూనా, అర మీటరు లోతున ఒకటి, మీటరున్నర లోతున ఒకటి, ఇంకా మరక కనిపిస్తుంటే అది ఆగేదాకా తీయాలి. షెడ్డుతో సంబంధం లేని మూల నుంచి, వీలైతే బయటి స్థలం నుంచి కూడా ఒకటి రెండు తీయించాలి. ఎందుకంటే క్రోమియం, నికెల్ సహజంగానే కొన్ని నేలల్లో ఎక్కువగా ఉంటాయి, పోల్చడానికి ఏదీ లేకపోతే ప్రకృతి పెట్టినదేదో షెడ్డు పెట్టినదేదో తెలియదు.

ఖర్చు తగ్గించడానికి నాలుగైదు చోట్ల మట్టిని కలిపి ఒకే నమూనాగా పంపుదామని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. కెనడా వారు నివాస స్థలాలకు పెట్టుకున్న మార్గదర్శక విలువ నికెల్‌కు కిలో మట్టిలో 45 మిల్లీగ్రాములు, మన సలహాదారులు పోలికకు తరచుగా తీసుకునే విలువల్లో అవీ ఒకటి. మీ స్థలంలో తొట్టి కింద 180 ఉండి, మిగిలిన నాలుగు చోట్ల పదేసి ఉన్నాయనుకోండి. అయిదింటినీ కలిపితే వచ్చేది 44, కాగితం మీద స్థలం పాసయిపోతుంది! అలాగే మొత్తం క్రోమియంతో సరిపెట్టుకోక క్రోమియం-6ను విడిగా అడగాలి. దానికి అదే కెనడా విలువ కిలోకు 0.4 మిల్లీగ్రాములు మాత్రమే. ప్రయోగశాల యంత్రం గుర్తించగల కనీస పరిమాణమే 2 మిల్లీగ్రాములైతే, నివేదికలో కనబడలేదు అని వచ్చినా దానివల్ల మీకు తెలిసేది ఏమీ లేదు. ట్రైక్లోరోఇథిలీన్ పరీక్షకు పంపే మట్టిని బిగుతుగా మూత పెట్టే గాజు సీసాల్లో, మంచు పెట్టెలో తీసుకువెళ్ళాలి, ప్లాస్టిక్ సంచిలో వేస్తే ప్రయోగశాలకు చేరేలోపు అది ఎగిరిపోతుంది.

బోరు నీటిని ఈ వారమే పరీక్షకు ఇవ్వండి, ఫలితం వచ్చేదాకా కాపలా కుటుంబానికి తాగడానికీ వంటకూ క్యాన్ నీళ్ళు తెప్పించండి. కాచి తాగుతున్నారు కదా అని ఊరుకోవద్దు. కాచితే క్రిములు చస్తాయి గాని క్రోమియం పోదు సరికదా, నీరు ఆవిరై తగ్గిన కొద్దీ మిగిలిన నీటిలో దాని గాఢత పెరుగుతుంది. తాగునీటికి మన ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం లీటరులో మొత్తం క్రోమియం 0.05 మిల్లీగ్రాములు, నికెల్ 0.02, సైనైడ్ 0.05 మించకూడదు. క్రోమియం వల్ల నీరు పసుపుపచ్చగా మారేది అది ఈ హద్దుకు చాలా రెట్లు మించిన తరువాతే కనుక, నీళ్ళు తేటగా ఉన్నాయన్నది లెక్కలోకి రాదు. ఈశాన్య ఋతుపవనాల వానలకు నీటిమట్టం పైకి లేచి, అంతవరకు పొడిగా ఉన్న మట్టిని తడుపుతుంది కాబట్టి ఇప్పుడొకసారి, మళ్ళీ వేసవిలో ఒకసారి పరీక్ష చేయిస్తే నమ్మకం ఎక్కువ. నేల కింద ఏదైనా కారితే అది హద్దురాళ్ళ దగ్గర ఆగదని చెన్నైవాసులకు వేరే చెప్పనక్కర్లేదు. 2013లో తండయార్‌పేటలో భూగర్భ చమురు గొట్టం కారి ఇళ్ళ బోర్లలో ఇంధనం తేలింది.

ఫలితాలు వచ్చాక ఏదో ఒక అంకె హద్దు దాటిందని కంగారు పడవద్దు. ఈ రంగంలో హద్దులు రెండు. మొదటిది దాటితే ఇంకా లోతుగా పరిశోధించాలని, రెండవది దాటితే శుద్ధి చేయక తప్పదని అర్థం. రెండింటి నడుమ ఉన్న చోట చూడవలసింది ఆ రసాయనం మనిషిని చేరే దారి ఉందా లేదా అన్నదే. మట్టిలో ఆడుకునే పిల్లల నోటికి చేరవచ్చు, బోరు నీటి ద్వారా చేరవచ్చు, ఆవిరి రూపంలో కింది గదుల్లోకి రావచ్చు. స్టిల్ట్ పార్కింగు గాలి ఆడే చోటు కాబట్టి ఆవిరి విషయంలో సెల్లార్ కంటే కొంత నయం. మీలాంటి షెడ్లలో కాలుష్యం తొట్ల కింద, సంపు చుట్టూ కొద్ది మేర ఉండి, ఆ భాగం తవ్వి తీసేసి, గుంట అడుగునా అంచులా మళ్ళీ పరీక్షించి సరిపుచ్చుకునే అవకాశం ఉంటుంది. భూగర్భజలం కూడా చెడి ఉంటే మాత్రం అది ఎక్కువ కాలం, ఎక్కువ డబ్బు పట్టే వ్యవహారం.

ఇక్కడ మన రాష్ట్రానికి ప్రత్యేకమైన చిక్కు ఒకటుంది. 2003 నుంచి తమిళనాడులో ప్రతి భవనానికీ వాననీటి సేకరణ ఏర్పాటు తప్పనిసరి. అది మంచి నియమమే. కాని ఇంకుడుగుంతను క్రోమియం ఉన్న మట్టి మధ్యలో తవ్వితే, ఐదంతస్తుల డాబా మీద కురిసిన వాన అంతా ఆ మట్టిని కడిగి నేరుగా భూగర్భజలంలోకి దింపుతుంది. ప్లానులో ఇంకుడుగుంత ఎక్కడ గీశారో, మీ చిత్తు పటంలో సంపు ఎక్కడ ఉందో పక్కపక్కన పెట్టి చూడండి.

మీ తమ్ముడి భయాన్ని నేను తేలికగా తీసుకోవడం లేదు. పరీక్ష చేయించి, కలుషితమని తేలితే మీ మీదకే వస్తుందేమోనన్న శంక న్యాయమైనది. కాలుష్యం చేసినవారే మూల్యం చెల్లించాలన్న సూత్రం మన చట్టంలో భాగమేనని సుప్రీంకోర్టు 1996లో వెల్లూరు పౌర సంక్షేమ వేదిక కేసులో, ఈ ప్రాంతపు తోళ్ళ పరిశ్రమల విషయంలోనే చెప్పింది. మీ షెడ్డులో ఆ పని చేసినది అద్దెకున్నాయనే గాని మీ నాన్నగారు కాదు. అయితే స్థలదారుగా మీకు ఎంతవరకు బాధ్యత ఉంటుందో అద్దె ఒప్పందం చూసి న్యాయవాది చెప్పాలి, ఫలితాలను మండలికి ఎప్పుడు, ఏ రూపంలో తెలియజేయాలన్నదీ ఆయనతోనే మాట్లాడండి. దాచమని మాత్రం నేను చెప్పను. తెలుసుకోకుండా ఉంటే క్షేమమన్న ఆలోచన నిలబడదు కూడా. నియమాల ప్రకారం ఎవరైనా ఫిర్యాదు చేయవచ్చని పైన చెప్పాను కదా, ఈరోజు ఆ స్థలం గురించి ఆలోచిస్తున్నది మీరిద్దరే, ఫ్లాట్లు అమ్మిన తరువాత అక్కడ నివసించే ప్రతి కుటుంబానికీ ఆ హక్కు ఉంటుంది. ఎవరో ఒకరు బోరు నీటిని పరీక్ష చేయించిన రోజున అద్దెదారు ఎక్కడ ఉంటాడో, అప్పటి కాగితాలు ఎక్కడ ఉంటాయో తెలియదు. మీ వాటా ఫ్లాట్లను మీరే అమ్ముకుంటే రెరా (స్థిరాస్తి నియంత్రణ) చట్టం కింద మీ బాధ్యత ఏమిటో కూడా న్యాయవాదిని అడగండి.

ఒప్పందంలో ఏం రాయించుకోవాలన్నది మిగిలింది. పరీక్షల ఖర్చు ఎవరిది, శుద్ధి అవసరమైతే ఆ ఖర్చు వాటాల్లో ఎలా సర్దుకోవాలి, ఖర్చు ఒక హద్దు దాటితే ఏ పక్షమైనా తప్పుకోవచ్చా అన్నవి స్పష్టంగా ఉండాలి. వీటన్నిటికన్నా నేను పట్టుబట్టేది తవ్విన మట్టి సంగతి. మన ఊళ్ళో పునాది మట్టిని లారీకింత అని పల్లపు స్థలాలకు నింపుడు మట్టిగా అమ్మేయడం మామూలు. మీ తొట్టి కింది మట్టి అలా వెళ్ళి ఇంకెవరి పెరట్లోనో, ఏ బడి ఆటస్థలంలోనో పడితే దాన్ని వెనక్కి తెచ్చే దారి ఉండదు. ప్రమాదకర వ్యర్థమని తేలిన మట్టి గుమ్మిడిపూండిలో ఉన్నటువంటి అధికారిక శుద్ధి కేంద్రానికే వెళ్ళాలనీ, ప్రతి లారీకీ రవాణా పత్రం ప్రతి మీకు ఇవ్వాలనీ రాయించండి.

సంక్రాంతి గడువును పొడిగించమని అడగండి. సమాచార హక్కు దరఖాస్తుకే నెల పడుతుంది, ఆ నెలలో నమూనాల పని కూడా నడిపించవచ్చు. నిజంగా కట్టే ఉద్దేశం ఉన్న బిల్డరుకు ఇది పెద్ద ఆలస్యం కాదు. పునాది తవ్వాక పసుపుపచ్చ నీరు ఊరి పని ఆగిపోతే నష్టపోయేది ఆయన కూడా. ఈలోపు కనీసం షెడ్డు విప్పి స్థలం చదును చేయిస్తానని ఆయన అంటే దానికి కూడా ఒప్పుకోకండి. తొట్లు ఎక్కడ ఉండేవో చెప్పేది ఆ గచ్చే, వాన నీరు కింది మట్టిలోకి దిగకుండా ఇన్నాళ్ళూ కొంతైనా కాపాడుతున్నదీ అదే. పైకప్పు ఆస్‌బెస్టాస్ రేకులైతే వాటిని సుత్తితో పగలగొట్టకుండా, తడిపి, బోల్టులు విప్పి ఒక్కొక్కటిగా దించవలసి ఉంటుంది, ఆ పనిని కూడా ఒప్పందంలో విడిగా రాయించండి.